ఇంపాక్ట్ ఫీజు ఎందుకు కట్టాలి, ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ తమ్ముడు డాలస్‌కి ఉత్తరాన కొత్తగా పెరుగుతున్న ఒక ఊళ్ళో స్థలం కొని ఇల్లు కట్టించుకుంటున్నాడు. బిల్డింగ్ పర్మిట్‌కి వెళ్తే నీళ్ళకి ఒకటి, మురుగునీటికి ఒకటి, రోడ్డుకి ఒకటి అంటూ మూడు ఇంపాక్ట్ ఫీజులు వేశారు. మొత్తం వేల డాలర్లు. ఏటా ప్రాపర్టీ టాక్స్ ఎలాగూ కట్టబోతున్నాం కదా, మళ్ళీ ఇదేమిటి అని అతని బాధ. హైదరాబాద్‌లో మీరు కొన్న పదంతస్తుల అపార్ట్‌మెంట్‌కి బిల్డర్ ఇచ్చిన లెక్కల్లో కూడా ఇంపాక్ట్ ఫీజు అనే మాట కనిపించింది కాబట్టి, రెండూ ఒకటేనా అని మీ అనుమానం.

నేను ఇరవై ఏళ్ళకు పైగా టెక్సాస్‌లో మునిసిపాలిటీలకి నీటి లైన్లు, రోడ్ల ప్లాన్లు వేసే పనిలో ఉన్నాను. ఈ ఫీజు లెక్కలు కట్టే రిపోర్టులు కూడా మా చేతుల మీదుగానే వెళ్తాయి. కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ముందు మీ తమ్ముడి బాధ గురించి. ఒక ఊళ్ళో 5 వేల ఇళ్ళున్నాయి అనుకోండి. వాటికి సరిపడా నీటి ప్లాంటు, ట్యాంకు, మెయిన్ పైపులైను ఉన్నాయి. వాటి కోసం తెచ్చిన అప్పు ఆ 5 వేల ఇళ్ళవాళ్ళే తీర్చారు, ఇంకా తీరుస్తున్నారు. ఇప్పుడు ఊరి అంచున ఇంకో 3 వేల ఇళ్ళకి లేఅవుట్ వస్తోంది. ప్లాంటు పెంచాలి, కొత్త పంపులు పెట్టాలి, రెండు లేన్ల రోడ్డుని నాలుగు లేన్లు చెయ్యాలి. ఇవన్నీ ఇళ్ళలో జనం దిగేలోపే సిద్ధం కావాలి. కొత్త ఇంటి మీద ప్రాపర్టీ టాక్స్ పూర్తిగా మొదలయ్యేదే ఇల్లు లేచాక. అది కూడా పోలీసు జీతాలకి, ఫైర్ స్టేషన్‌కి, పార్కుల నిర్వహణకి సరిపోవడమే కష్టం. అలాంటప్పుడు కొత్త పైపులైను డబ్బు పాతవాళ్ళ బిల్లు పెంచి రాబట్టాలా, కొత్తగా వచ్చేవాళ్ళని వాటా అడగాలా? రెండోది న్యాయం అనుకున్న చోట పుట్టిందే ఇంపాక్ట్ ఫీజు.

అమెరికాలో ఇది ఊపందుకోవడానికి పన్నుల రాజకీయం కూడా కారణం. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 13 ఆమోదించారు. దాంతో ప్రాపర్టీ టాక్స్ ఆస్తి విలువలో 1 శాతానికి ఆగిపోయింది. ఇల్లు చేతులు మారనంతకాలం ఆ విలువని ఏడాదికి 2 శాతానికి మించి పెంచడానికీ వీల్లేదు. పన్ను పెంచే దారి మూసుకుపోయిన ఊళ్ళు ఫీజుల మీద పడ్డాయి. మురుగునీటి ప్లాంట్లకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు కూడా 1987 తర్వాత అప్పుల పద్ధతిలోకి మారాయి. ఊళ్ళు తమ డబ్బు తామే చూసుకోవాల్సి వచ్చింది.

అయితే మునిసిపాలిటీ తనకి తోచినంత వెయ్యడానికి ఇది పన్ను కాదు. ఈ తేడా మొదట గట్టిగా తేల్చిన కేసుల్లో ఒకటి ఫ్లోరిడాలోని డునెడిన్ అనే ఊరిది. కొత్తగా నీళ్ళు, మురుగునీటి కనెక్షన్ తీసుకునేవాళ్ళ మీద ఆ ఊరు ఫీజు వేస్తే బిల్డర్ల సంఘం కోర్టుకి వెళ్ళింది. 1976లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఏమందంటే, కొత్తవాళ్ళ వల్ల పెరిగే ఖర్చులో వాళ్ళ న్యాయమైన వాటా అడగడం తప్పు కాదు. కానీ డునెడిన్ మాత్రం ఓడిపోయింది. వసూలు చేసిన డబ్బు విస్తరణకే వాడాలి అనే కట్టుబాటు ఆ ఊరి ఆర్డినెన్స్‌లో, అంటే ఊరు చేసుకున్న స్థానిక చట్టంలో, లేదు, అదీ కారణం. మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి ఇంజినీరుకీ నేను మొదట చెప్పేది ఈ కేసే. ఫీజు ఎంత అన్నది తర్వాతి మాట. అది ఏ పనికి, ఏ ఖాతాలోకి అని రాసి లేకపోతే అసలు నిలబడదు.

ఇక టెక్సాస్‌కి వద్దాం. ఇంపాక్ట్ ఫీజుల మీద ఒక సమగ్రమైన రాష్ట్ర చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే, 1987లో. ఇప్పుడది లోకల్ గవర్నమెంట్ కోడ్‌లో 395వ అధ్యాయం. దాని ప్రకారం వేటికి ఫీజు వెయ్యొచ్చో చాలా కచ్చితంగా ఉంటుంది: మంచినీటి సరఫరా, మురుగునీరు, వరదనీటి కాలువలు, రోడ్లు. అంతే. స్కూళ్ళకి, లైబ్రరీకి, పోలీస్ స్టేషన్‌కి ఈ ఫీజు డబ్బు వాడకూడదు. పాత పైపు మరమ్మతుకి కూడా వాడకూడదు, పాత రోడ్డు గుంతలు పూడ్చడానికీ వాడకూడదు, ఉద్యోగుల జీతాలకీ వాడకూడదు. ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో స్కూళ్ళ కోసం కూడా కొత్త ఇళ్ళ మీద ఫీజు ఉంటుంది, కాబట్టి అక్కడ ఉన్న బంధువులు చెప్పే లెక్క టెక్సాస్‌కి సరిపోదు.

మరమ్మతు విషయంలో నాకు ఒక అనుభవం ఉంది. చాలా ఏళ్ళ క్రితం ఒక చిన్న ఊరికి మేము ప్లాన్ తయారు చేస్తున్నాం. ఊరి పేరు చెప్పను. వాళ్ళు ఇచ్చిన పనుల జాబితాలో పాత పంప్ హౌస్ పైకప్పు మార్చే పని కూడా ఉంది. పైకప్పు కారుతున్న మాట నిజమే, మార్చాల్సిన అవసరమూ నిజమే. కానీ అది కొత్త ఇళ్ళ వల్ల వచ్చిన అవసరం కాదు. ఆ పని తీసెయ్యమని చెప్పడానికి మాకు మూడు మీటింగులు పట్టింది. "డబ్బు అక్కడ ఉంది కదా, వాడితే ఏం" అన్నారు. కొత్తగా వచ్చే కుటుంబం పాతవాళ్ళ పైకప్పుకి డబ్బు కట్టడం ఎంత అన్యాయమో, పాతవాళ్ళు కొత్త లేఅవుట్ పైపుకి కట్టడం కూడా అంతే అన్యాయం.

ఇప్పుడు లెక్క ఎలా కడతారో చూద్దాం. ముందు రాబోయే పదేళ్ళలో ఊరు ఎటు, ఎంత పెరుగుతుందో అంచనా వేస్తారు. దాన్ని బట్టి ఏయే పనులు కావాలో, ఒక్కోదానికి ఎంతవుతుందో ఒక ప్లాన్ తయారవుతుంది. క్యాపిటల్ ఇంప్రూవ్‌మెంట్స్ ప్లాన్ అంటారు. దీన్ని కనీసం అయిదేళ్ళకి ఒకసారి తిరగరాయాలి. పబ్లిక్ హియరింగ్ పెట్టాలి, సలహా కమిటీ చూడాలి, ఆ కమిటీలో రియల్ ఎస్టేట్, బిల్డింగ్ రంగాల వాళ్ళకి తప్పనిసరిగా చోటు ఉండాలి.

అర్థం కావడానికి కొన్ని అంకెలు వేస్తాను, ఇవి నేను కల్పించుకున్నవి. ఒక నీటి ప్లాంటు, దాని పైపులైను కలిపి 6 కోట్ల డాలర్లు. అది 20 వేల ఇళ్ళకి సరిపోతుంది. అందులో 3 వేల ఇళ్ళ సామర్థ్యం ఇప్పటికే ఉన్న కొరత తీర్చడానికి పోతుంది. 12 వేల ఇళ్ళు పదేళ్ళలో వస్తాయి. మిగిలిన 5 వేలు ఆ తర్వాత ఎప్పుడో. ఫీజులోకి వచ్చేది ఆ 12 వేల ఇళ్ళ భాగం మాత్రమే, అంటే 3 కోట్ల 60 లక్షలు. 12 వేలతో భాగిస్తే ఇంటికి 3 వేల డాలర్లు. పాత కొరత ఖర్చు పాతవాళ్ళదే. పదేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళ భాగం తర్వాత వచ్చేవాళ్ళ దగ్గరే తీసుకోవాలి.

అక్కడితో అయిపోలేదు. మీ తమ్ముడు అడిగిన "ప్రాపర్టీ టాక్స్ కడతాం కదా" అన్న మాటకి చట్టంలోనే జవాబు ఉంది. రేపు అతను కట్టే పన్నులో, నీటి బిల్లులో కొంత ఇదే ప్లాన్‌లోని పనుల అప్పు తీర్చడానికి పోవచ్చు. అప్పుడు ఒకే పనికి రెండుసార్లు కట్టినట్టు అవుతుంది. అందుకని ఊరు రెండిట్లో ఒకటి చెయ్యాలి: ఆ పన్ను భాగం ఎంతో కచ్చితంగా లెక్కగట్టి తగ్గించాలి, లేదా మొత్తం ప్లాన్ ఖర్చులో సగం కొట్టెయ్యాలి. చిన్న ఊళ్ళు చాలావరకు లెక్కల బాధ లేకుండా సగం కొట్టేస్తాయి. మన ఉదాహరణలో 3 వేలు కాస్తా 1,500 అవుతుంది. ఇది గరిష్ఠం మాత్రమే. కౌన్సిల్ ఇంతకంటే తక్కువ పెట్టుకోవచ్చు, ఎక్కువ పెట్టకూడదు.

ఇల్లు అన్నాను కానీ, లెక్కలో వాడేది సర్వీస్ యూనిట్, అంటే వాడకాన్ని కొలిచే ప్రమాణం. నీళ్ళకి మీటరు సైజే కొలమానం. 5/8 అంగుళాల మీటరు నిమిషానికి 20 గ్యాలన్లు ఇవ్వగలదు, 1 అంగుళం మీటరు 50 గ్యాలన్లు. కాబట్టి 5/8 మీటరుని ఒక యూనిట్ అనుకునే ఊళ్ళో 1 అంగుళం మీటరు పెట్టించుకుంటే రెండున్నర యూనిట్ల ఫీజు. మీ తమ్ముడికి ఇక్కడ ఒక మాట చెప్పండి: పెద్ద లాన్‌కి స్ప్రింక్లర్లు వేస్తామని ప్లంబర్ పెద్ద మీటరు రాస్తే ఫీజు ఒక్కసారిగా పెరుగుతుంది. నిజంగా అవసరమా అని ముందే అడగాలి. రోడ్లకైతే సాయంత్రం రద్దీ గంటలో ఆ కట్టడం వల్ల రోడ్డెక్కే ప్రయాణాల్ని, వాటి దూరాన్ని చూస్తారు. ఒక విడి ఇంటికి ఆ గంటలో దాదాపు ఒక ప్రయాణం అని ట్రాఫిక్ ఇంజినీర్ల సంస్థ ఐటీఈ పుస్తకం చెప్తుంది. అదే ఒక డ్రైవ్ త్రూ హోటలుకి ఎన్నో రెట్లు ఎక్కువ. అలా వసూలైన రోడ్డు డబ్బుని ఊరంతా ఎక్కడపడితే అక్కడ ఖర్చు పెట్టడానికి వీల్లేదు. ఊరిని సర్వీస్ ఏరియాలుగా విడగొట్టాలి, రోడ్లకి ఒక్కో ఏరియా ఆరు మైళ్ళకి మించకూడదు. తూర్పున వసూలైంది తూర్పునే వాడాలి.

ఫీజు రేటు ఏ రోజుది వర్తిస్తుంది అన్నదాంట్లో చాలామంది పొరబడతారు. పర్మిట్ తీసుకునే రోజు కడతాం కాబట్టి ఆ రోజు రేటే అనుకుంటారు. మామూలుగా, ఫీజు అమల్లోకి వచ్చాక రికార్డయిన (అంటే ప్రభుత్వ రికార్డుల్లో నమోదైన) లేఅవుట్ అయితే, లేఅవుట్ రికార్డయిన నాటికి గరిష్ఠం ఖరారైపోతుంది. తర్వాత ఊరు రేటు పెంచినా, యూనిట్లు పెరగనంతవరకు ఆ స్థలానికి పెంచకూడదు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళు వేరువేరు ఫీజులు కట్టడానికి కారణం ఇదే. మీ తమ్ముడి స్థలం ఏ సంవత్సరం లేఅవుట్‌లో ఉందో, అతనికి ఏ రేటు వేశారో సరిచూసుకోమనండి. క్లర్కు కొత్త షెడ్యూల్ చూసి రాసేసిన సందర్భాలు నేను చూశాను. తేదీ చూపించగానే సరిచేశారు.

డబ్బు కట్టాక ఏమవుతుంది? విడిగా వడ్డీ వచ్చే ఖాతాలో పెట్టాలి, ఆ వడ్డీ కూడా అదే పనులకి వాడాలి. ఆ లెక్కలు పని వేళల్లో ఎవరైనా వెళ్ళి చూసి కాపీ తీసుకోవచ్చు. పదేళ్ళలో ఖర్చు పెట్టకపోతే వడ్డీతో సహా తిరిగివ్వాలి. ఆ వాపసు వెళ్ళేది అప్పుడు కట్టిన బిల్డర్‌కి కాదు, తిరిగిచ్చే నాటికి ఆ ఇల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళకి. ఈ సంగతి ఇంటి యజమానుల్లో చాలామందికి తెలియదు.

ఇంత పకడ్బందీగా ఉన్నా ఈ పద్ధతికి ఒక పెద్ద బలహీనత ఉంది. డబ్బు వచ్చేది పర్మిట్ రోజున, పైపు కావాల్సింది అంతకు మూడేళ్ళ ముందు. కాబట్టి ఊళ్ళు ముందు బాండ్లతో అప్పు తెచ్చి కడతాయి, తర్వాత వచ్చే ఫీజులతో తీరుస్తాయి. 2008లో ఇళ్ళ మార్కెట్ కుప్పకూలినప్పుడు పర్మిట్లు ఆగిపోయాయి, ఫీజులు ఆగిపోయాయి, అప్పు వాయిదాలు మాత్రం ఆగలేదు. పైగా ఫ్లోరిడాలో చాలా కౌంటీలు బిల్డర్లని రప్పించాలని రోడ్డు ఫీజుల్ని కొన్నాళ్ళు ఆపేశాయి. ఊరు మరీ వేగంగా పెరిగినా కష్టమే. డాలస్‌కి ఈశాన్యాన ఉన్న ప్రిన్స్‌టన్ జనాభా 2023 జూలై నుంచి 2024 జూలై మధ్య 30 శాతం పైన పెరిగింది, ఆ ఏడాది దేశంలోనే అత్యధికం. 2024 సెప్టెంబర్‌లో ఆ ఊరి కౌన్సిల్ కొత్త ఇళ్ళ అనుమతులకి తాత్కాలికంగా బ్రేక్ వేసింది. నీళ్ళు, రోడ్లు అందుకోలేకపోయాయి. ఫీజు వసూలు చెయ్యడం ఒక పని, ఆ డబ్బుతో సకాలంలో కట్టడం ఇంకో పని.

ఇంతకీ ఈ భారం చివరికి ఎవరి మీద పడుతుంది? నేను చూసినంతలో, ఫీజు ఎంతో స్థలం కొనకముందే తెలిస్తే డెవలపర్ ఆ మేరకు రైతుకి ఇచ్చే ధర తగ్గిస్తాడు. స్థలం కొన్నాక హఠాత్తుగా పెరిగితే ఇల్లు కొనేవాళ్ళ మీద వేస్తాడు, మార్కెట్ ఒప్పుకోకపోతే తన లాభంలోంచి భరిస్తాడు. అందుకే రేటు నెమ్మదిగా, ముందే చెప్పి పెంచడం మేలు. ఆస్టిన్ రోడ్డు ఫీజుని 2020 డిసెంబర్‌లో ఆమోదించి, వసూలు 2022 జూన్ నుంచి మొదలుపెట్టింది. అలా వ్యవధి ఇస్తే ఎవరి లెక్క వాళ్ళు సరిచేసుకోగలరు.

నన్ను ఎక్కువగా కలచివేసేది చిన్న ఇళ్ళ విషయం. 900 చదరపు అడుగుల ఇంటికీ 5 వేల చదరపు అడుగుల ఇంటికీ ఒకే ఫీజు అంటే పేదవాడు తన వాటాకి మించి కడుతున్నట్టే. కాలిఫోర్నియా 2021లో చేసిన ఒక చట్టం ప్రకారం, 2022 జూలై నుంచి కొత్త అధ్యయనాలు ఇళ్ళ ఫీజుని చదరపు అడుగుల లెక్కన కట్టాలి, కట్టలేకపోతే కారణం చూపాలి. ఇది అన్నిచోట్లా రావాలని నా కోరిక.

సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక ఇంటి కథ కూడా చెప్తాను. కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీలో ఒకాయన తన స్థలంలో 1,854 చదరపు అడుగుల ఫ్యాక్టరీలో తయారైన ఇల్లు పెట్టుకుందామనుకున్నాడు. ట్రాఫిక్ ఫీజు 23,420 డాలర్లు కట్టమన్నారు. కట్టి, కేసు వేశాడు. 1987, 1994లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన నోలన్, డోలన్ తీర్పుల ప్రకారం, అనుమతి ఇచ్చేటప్పుడు పెట్టే షరతుకీ ఆ కట్టడం వల్ల కలిగే ప్రభావానికీ సంబంధం ఉండాలి, పరిమాణం కూడా ఇంచుమించు సరిపోవాలి. ఈ పరీక్ష అధికారులు విడివిడిగా పెట్టే షరతులకే, అందరికీ కలిపి చట్టసభ పెట్టిన రేట్లకి కాదు అని కాలిఫోర్నియా కోర్టులు అనేవి. 2024 ఏప్రిల్ 12న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ మినహాయింపు చెల్లదంది. అయితే ఫీజు తప్పని చెప్పలేదు, ప్రతి ఇంటికీ విడిగా లెక్క కట్టాలా అన్నది కూడా తేల్చలేదు, కేసుని కింది కోర్టుకి పంపింది. దీని తర్వాత మా రిపోర్టుల్లో ప్రతి అంకెకీ ఆధారం రాయడం మరింత పెరిగింది. నాకది మంచిదే అనిపిస్తుంది.

టెక్సాస్‌లో ఇల్లు వెతుక్కునే మనవాళ్ళు తరచూ ఊరి హద్దుల బయట ఉన్న లేఅవుట్లలో "ఇక్కడ ఇంపాక్ట్ ఫీజు లేదు" అన్న మాట విని సంతోషపడతారు. అక్కడ చాలా చోట్ల మడ్ ఉంటుంది, అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. అది బాండ్లతో పైపులు, కాలువలు వేసి, ఆ అప్పుని ఆ లేఅవుట్ ఇళ్ళ మీద పన్నుగా పాతిక, ముప్ఫై ఏళ్ళు వసూలు చేస్తుంది. ఒకేసారి ముందే కట్టడమా, ఏళ్ళ తరబడి కడుతూ ఉండడమా అన్నదే తేడా. ఇల్లు పోల్చేటప్పుడు ధర ఒక్కటీ చూడకుండా మొత్తం పన్ను రేటు చూడండి.

ఇక మీ హైదరాబాద్ అపార్ట్‌మెంట్. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్‌లో సిటీ లెవల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు ఉంది. హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి నగరాల్లో 15 మీటర్ల ఎత్తు దాటిన కట్టడాలకి ఆ రూల్స్ దీన్ని పెట్టాయి. పదంతస్తులు కాబట్టి మీ బిల్డింగ్‌కి పడింది. ఉద్దేశం ఒకటే: ఎత్తుగా కట్టేకొద్దీ నగరం మీద పెరిగే భారానికి వాటా. ఆ రూల్స్‌లో నాకు నచ్చిన మాట ఒకటుంది. ఈ డబ్బుని విడిగా ఎస్క్రో ఖాతాలో (చెప్పిన పనికే వాడాల్సిన ఖాతాలో) పెట్టాలి, సగం అదే ప్రాంతంలో సదుపాయాలకి వాడాలి, మిగతా సగం నగర స్థాయి పనులకి వాడాలి, దానికి ప్లాన్ కూడా తయారుచెయ్యాలి అని రాశారు.

తేడా రేటు పుట్టిన చోట ఉంది. టెక్సాస్‌లో ముందు పనుల జాబితా, తర్వాత భాగహారం, చివర్లో రేటు. మన దగ్గర ముందు చదరపు అడుగుకి ఇంత అని రేటు పెడతారు, పనుల ప్లాన్ ఆ తర్వాతి సంగతి. పదేళ్ళలో వాడకపోతే యజమానికి వాపసు లాంటిది కూడా మన దగ్గర లేదు. ఇంకో జాగ్రత్త, ఈ మాట అన్ని రాష్ట్రాల్లో ఒకే అర్థంలో వాడరు. గుజరాత్‌లో జనం ఇంపాక్ట్ ఫీజు అనేది అనుమతి లేని కట్టడాల్ని 2011, 2022 చట్టాల కింద క్రమబద్ధీకరించుకోవడానికి కట్టే డబ్బుని. అది మన ఎల్ఆర్ఎస్, బీపీఎస్ లాంటిది. జరిగిపోయిన తప్పుకి కట్టేదీ, రాబోయే అవసరానికి కట్టేదీ వేరు.

మీరు చెయ్యగలిగింది ఉంది. సమాచార హక్కు చట్టం కింద మీ సర్కిల్‌కి ఒక దరఖాస్తు పెట్టండి. "డబ్బు ఏం చేశారు" అని అడిగితే పొడి జవాబు వస్తుంది. మీ బిల్డింగ్ పర్మిట్ నంబరు వేసి, ఆ ఫైల్‌లో ఇంపాక్ట్ ఫీజు కింద ఎంత, ఏ తేదీన జమైందో అడగండి. మీ సర్కిల్‌లో గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ పద్దు కింద ఎంత వసూలైందో, ఎస్క్రో ఖాతాలో నిల్వ ఎంతో, అందులోంచి మీ ప్రాంతంలో మంజూరైన పనుల జాబితా, ఒక్కోదాని అంచనా వ్యయం ఎంతో అడగండి. బిల్డర్ మీ దగ్గర ఈ పేరుతో వసూలు చేసిన మొత్తాన్ని ఆ రసీదుతో పోల్చి చూసుకోండి. మీ అసోసియేషన్ తరఫున అడిగితే ఇంకా మంచిది.

మీ తమ్ముణ్ణి ఊరి వెబ్‌సైట్‌లో ఇంపాక్ట్ ఫీజు రిపోర్టు తెరిచి, తన సర్వీస్ ఏరియా మ్యాప్, దాని కింద ఉన్న పనుల పట్టిక చూడమనండి. తన ఇంటి ముందు రోడ్డు ఆ పట్టికలో ఉండొచ్చు. లేఅవుట్ రికార్డైన తేదీ, మీటరు సైజు, ఊరు వేసిన రేటు ఈ మూడూ ఇక్కడ రాస్తే నేను లెక్క సరిచూసి చెప్తాను.